నల్ల తెర మీద అడిగి చూడండి

ప్రశ్న: మాది రాజాం. డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం చెబుతాను. మా దగ్గర చదివి వెళ్లిన ఒక అబ్బాయి ఉత్తరాంధ్ర వర్షపాతం మీద తాను చేసిన గ్రాఫులు, ఒక పటం పెన్ డ్రైవ్‌లో ఇచ్చి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వచ్చే వారం వాటిని తరగతిలో చూపించాలి. మొత్తం నాలుగు ఫైళ్లు. హెచ్‌టీఎంఎల్ అని ఉన్నది బ్రౌజరులో తెరుచుకుంటుంది కాని తెల్ల కాగితంలా ఉంటుంది. జీపీ అని ఉన్నది తెరిస్తే కిటికీ ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. క్యూజీజెడ్ అనే పటం తెరుచుకుంటుంది, అందులో జిల్లాలు కనబడవు. ఆర్‌డీఎస్ అని ఉన్నదాన్ని దేనితో తెరవాలని కంప్యూటరే నన్ను అడుగుతోంది. సహోద్యోగి ఒకరు "కమాండ్ లైన్ నుంచి తెరవండి" అన్నారు. అలా తెరిస్తే ఏమి మారుతుంది? అందుకు నేను ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కరలేదు. ఏడెనిమిది ఆదేశాలు చాలు, వాటిని కూడా కంఠస్థం చేయనక్కరలేదు, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

కమాండ్ లైన్ అంటే మౌస్‌తో నొక్కే బదులు ఆదేశాలను అక్షరాలుగా కొట్టే నల్ల తెర. అక్కడి నుంచి తెరిచినంత మాత్రాన చెడిన ఫైలు బాగుపడదు. మీ సహోద్యోగి ఆ మాటను మంత్రంలా చెప్పి ఉంటారు కాబట్టి ఇది ముందే చెప్పడం నయం. డబుల్ క్లిక్ చేసినా, ఆదేశం కొట్టినా చివరికి నడిచేది అదే ప్రోగ్రామ్. తేడా ఎక్కడ వస్తుందంటే, పని చెడినప్పుడు. డబుల్ క్లిక్ చేస్తే కారణం చెప్పకుండా కిటికీ మూసుకుంటుంది. నల్ల తెర మీద అడిగితే ఏ వరుసలో ఏది దొరకలేదో అక్షరాలా రాసి చూపిస్తుంది. ఆ రాసినదాన్ని చదవకుండా తెర మూసేసేవాళ్లను చాలామందిని చూశాను. ఎర్రగానో ఇంగ్లీషులోనో ఏదో కనిపించగానే తామేదో పాడు చేశామని కంగారు పడతారు. పాడయ్యేది ఏమీ లేదు. నెమ్మదిగా చదవండి.

ముందు పెన్ డ్రైవ్‌లోని ఫోల్డర్ మొత్తాన్ని మీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, అసలుదాన్ని ముట్టుకోవద్దు. మీది విండోస్ అనుకుని చెబుతున్నాను. ఆ ఫోల్డర్ తెరిచి, పైన చిరునామా కనిపించే పట్టీ మీద నొక్కి, అక్కడున్నది చెరిపి, సీఎండీ అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల తెర సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. ఇకమీద నేను తెలుగు లిపిలో రాసే ఆదేశాలను మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టాలి. మొదటిది డిర్. అంటే డి, ఐ, ఆర్. ఫోల్డర్‌లో ఏమేమి ఉన్నాయో, ఒక్కొక్కటి ఎంత పరిమాణమో వరుసగా చూపిస్తుంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే తోకను దాచిపెడుతుంది, డిర్ దాచదు. ఆ అబ్బాయి ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టి ఉంటే పాత నల్ల తెరలో అక్షరాల బదులు డబ్బాలు కనిపించవచ్చు. ఫైలుకు ఏమీ కాలేదు, ఆ తెరకు తెలుగు చూపించడం రాదు, అంతే. పేరులో మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతా పేరు తనే పూరిస్తుంది. అది పనిచేయకపోతే తాత్కాలికంగా ఇంగ్లీషు పేరు పెట్టుకోండి.

తెరవడానికి అన్నింటికీ పనికి వచ్చే ఆదేశం స్టార్ట్. స్టార్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఫైలు పేరు ఇస్తే, ఆ తోకకు విండోస్ దగ్గర ఏ ప్రోగ్రామ్ నమోదై ఉందో దానితో తెరుస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పేరులో ఖాళీలు ఉంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి కదా. అలా పెట్టగానే స్టార్ట్ ఆ మొదటి కొటేషన్‌లో ఉన్నదాన్ని ఫైలు పేరు అనుకోదు, కొత్త కిటికీకి పెట్టవలసిన శీర్షిక అనుకుంటుంది. దాంతో మీ గ్రాఫు పేరును నెత్తిన పెట్టుకుని ఇంకో ఖాళీ నల్ల తెర వస్తుంది. నేను మొదటిసారి ఇది చూసినప్పుడు కంప్యూటరే చెడిందనుకున్నాను. మందు తేలిక. స్టార్ట్ తర్వాత ముందు రెండు కొటేషన్ గుర్తులు మధ్యలో ఏమీ లేకుండా పెట్టి, ఆ తర్వాత కొటేషన్లలో అసలు పేరు ఇవ్వండి. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఇదే పనికి ఎక్స్‌డీజీ, హైఫన్, ఓపెన్ కలిపి కొట్టాలి. మ్యాక్‌లో ఒక్క ఓపెన్ చాలు.

ఇప్పుడు అసలు సంగతి. గ్రాఫును దాచిన ఫైళ్లలో కొన్ని బొమ్మలు, కొన్ని చీటీలు. పీఎన్‌జీ, పీడీఎఫ్ వంటివి బొమ్మలు. గీత, రంగు, అంకె అన్నీ వాటి లోపలే ఉంటాయి, ఎక్కడ తెరిచినా అలాగే కనిపిస్తాయి. చీటీలో బొమ్మ ఉండదు. "ఫలానా చోట ఉన్న డేటా తీసుకో, ఈ రంగు వేయి, ఇక్కడ పేరు రాయి" అని సూచనలు ఉంటాయి. తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఆ చోటికి వెళ్లి డేటా తెచ్చి బొమ్మను కొత్తగా గీస్తుంది. మీ నాలుగింటిలో జీపీ, క్యూజీజెడ్ రెండూ నికరమైన చీటీలు. హెచ్‌టీఎంఎల్ రెండు రకాలుగానూ ఉంటుంది. ఆర్‌డీఎస్ సంగతి చివర చెబుతాను, అది మీరు భయపడినంతది కాదు.

మాయమయ్యే కిటికీని చూద్దాం. జీపీ అనే తోక సాధారణంగా గ్నూప్లాట్ అనే గ్రాఫులు గీసే ప్రోగ్రామ్ చీటీకి పెడతారు. 1986 నుంచి ఉన్న ప్రోగ్రామ్ ఇది, ముచ్చటైన ముఖం లేకపోయినా మాట తప్పదు. దాని స్వభావం ఏమిటంటే, చీటీలో చెప్పిన పని పూర్తి కాగానే తాను ముగిసిపోతుంది, తనతో పాటు కిటికీని కూడా మూసేస్తుంది. గ్రాఫు నిజంగానే వచ్చి ఉంటుంది, మీరు చూసేలోపు వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి గ్నూప్లాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ పెర్సిస్ట్ అని కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి ఫైలు పేరు ఇవ్వండి. హైఫన్‌కూ ఆ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఆదేశంలో మొదటి అక్షరం జి, రెండోది ఎన్, వెనక యు. ఈ వరుస తప్పినవారు ఎందరో.

అది కొట్టగానే "ఈ పేరుతో ఏ ఆదేశమూ నాకు తెలియదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం రావచ్చు. అంటే ఒకటి, ఆ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో లేదు. లేదా ఉంది, ఎక్కడ ఉందో నల్ల తెరకు తెలియదు. కిటికీ ఒక్క క్షణమైనా కనిపిస్తోందంటే మీ దగ్గర ఉన్నట్టే. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ వెతికి, అందులోని గ్నూప్లాట్ ఫైలును మౌస్‌తో పట్టుకుని నల్ల తెర మీద వదలండి. దాని పూర్తి చిరునామా తనే వచ్చి పడుతుంది. ఆ తర్వాత మిగతా ఆదేశం కొట్టుకోండి.

పెర్సిస్ట్ పెట్టినా గ్రాఫు రాకపోతే, ఏడో వరుసలోనో పదో వరుసలోనో చెప్పిన డేటా ఫైలు దొరకలేదని తెర మీద ఉంటుంది. ఇదే మనకు కావలసిన ఫిర్యాదు. నోట్‌ప్యాడ్ అని కొట్టి ఖాళీ వదిలి ఆ ఫైలు పేరే ఇవ్వండి, చీటీ మామూలు అక్షరాలలో తెరుచుకుంటుంది. తెర మీద చెప్పిన వరుసకు వెళ్లండి. డేటా ఫైలు పేరు ఒక్కటే ఉంటే, నల్ల తెర ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉందో అక్కడ వెతుకుతుంది. విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడి చెప్పిన దారిని శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో నిలబడి పాటిస్తే ఎక్కడికి చేరతామో తెలుసు కదా. అందుకే ముందుగా ఆ ఫోల్డర్‌లోనే నల్ల తెర తెరవమన్నాను. అలా కాక సీ డ్రైవ్‌తో మొదలుపెట్టి ఆ అబ్బాయి పేరు, డెస్క్‌టాప్, ఏదో ఫోల్డర్ అంటూ పొడుగాటి చిరునామా ఉంటే, అది అతని కంప్యూటర్‌లోని చిరునామా. మీ కంప్యూటర్‌లో ఆ ఇల్లు లేదు. డేటా ఫైలు మీ ఫోల్డర్‌లో ఉంటే ఆ చిరునామా తీసేసి పేరు మాత్రం ఉంచి, దాచి, మళ్లీ ఆదేశం కొట్టండి.

తెల్ల కాగితం సంగతికి డిర్ చూపించిన పరిమాణమే సగం జవాబు. కదిలే గ్రాఫులున్న హెచ్‌టీఎంఎల్ ఫైలుకు బొమ్మ గీసే యంత్రం ఒకటి కావాలి. ప్లాట్‌లీ వంటి గ్రాఫులు చేసే పనిముట్లు ఆ యంత్రాన్ని ఫైలు లోపలే పెట్టి దాచగలవు, లేదా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకొమ్మని చిరునామా మాత్రం రాసిపెట్టగలవు. లోపల పెడితే ఫైలు మూడు ఎంబీకి పైనే ఉంటుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. చిరునామా మాత్రమే ఉంటే కొన్ని పదుల కేబీలే ఉండవచ్చు. నెట్ లేని గదిలోనో, బయటి సైట్లను అడ్డుకునే నెట్‌వర్క్‌లోనో తెరిస్తే తెల్లగానే ఉంటుంది. మీ ఫైలు చిన్నదైతే ఇంట్లో ఫోను నెట్ కలిపి ఒకసారి చూడండి. బహుశా అక్కడితో సరి.

నెట్ ఉన్నా తెల్లగానే ఉంటే మరో కారణం ఉంది, ఇది కొంచెం విచిత్రమైనది. కొన్ని పేజీలు డేటాను తమలో పెట్టుకోకుండా పక్కనున్న సీఎస్‌వీ లేదా జేసన్ అనే తోక ఉన్న డేటా ఫైలు నుంచి చదువుకుంటాయి. నేరుగా డిస్క్ మీద నుంచి తెరిచిన పేజీ ఇలా పక్క ఫైళ్లను చదవబోతే బ్రౌజరు ఒప్పుకోదు. భద్రత కోసం పెట్టిన నియమం అది, ఎవరో పంపిన పేజీ మీ కాగితాలన్నీ చదివేయకూడదు కదా. ఎఫ్12 మీట నొక్కి కన్సోల్ అనే భాగం చూస్తే అక్కడ ఎర్రని వరుస కనిపిస్తుంది. అప్పుడు ఆ ఫోల్డర్‌ను మీ కంప్యూటరే ఒక చిన్న సైటులా వడ్డించేలా చేయాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీ కంప్యూటర్‌లో ఉంటే నల్ల తెరలో పైథాన్, ఖాళీ, హైఫన్ ఎమ్, ఖాళీ, హెచ్‌టీటీపీ చుక్క సర్వర్ అని కొట్టండి. తెర కదలకుండా ఉండిపోతుంది, ఉండనివ్వండి. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి, 8000 అని కొడితే మీ ఫోల్డర్ జాబితా వస్తుంది. అందులోంచి ఫైలును నొక్కండి. పని అయ్యాక నల్ల తెర మీదకు వచ్చి కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది. పైథాన్ అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ దుకాణం తెరుచుకుంటే మీ కంప్యూటర్‌లో పైథాన్ లేదని అర్థం. ఏదో కొనమంటోందని భయపడవద్దు, పైథాన్ ఉచితమే.

ఇక పటం. ఈ విషయంలో నాకు సొంత అనుభవం ఉంది, చెప్పుకోదగ్గది కాదు. ఒకసారి ఒక కార్యాలయంలో చూపించడానికి నెల రోజులు కూర్చుని చేసిన పటాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. తెరిస్తే శీర్షిక ఉంది, సూచిక ఉంది, ఉత్తర దిక్కు బాణం ఉంది. భూమి లేదు. పటం మీద ఒకదానిపై ఒకటి పరిచే డేటా పొరలన్నీ మా ఇంట్లో కంప్యూటర్ డీ డ్రైవ్‌లో ఉండిపోయాయి. పది మంది ముందు ఆ బాణాన్ని చూపిస్తూ మాట్లాడాను.

క్యూజీజెడ్ అనేది క్యూజీఐఎస్ అనే పటాలు చేసే ప్రోగ్రామ్ దాచిన ప్రాజెక్టు. చూడడానికి ఒక్క ఫైలులా ఉన్నా అది నిజానికి జిప్ మూట. దాని లోపల క్యూజీఎస్ అనే చీటీ ఉంటుంది. ఏ పొర ఎక్కడ ఉందో, ఏ రంగు వేయాలో అందులో ఉంటాయి, పొరలు మాత్రం ఉండవు. తెరిచేటప్పుడు కొన్ని పొరలు దొరకడం లేదని ఒక పట్టిక వచ్చి ఉంటుంది, మీరు దాన్ని మూసేసి ఉంటారు. ఈసారి మూయకండి. ఆ పట్టికలోనే ప్రతి పొరకూ కొత్త చిరునామా చూపించే వీలుంది.

నల్ల తెర మీద ఇంకా శుభ్రంగా తెలుస్తుంది. విండోస్ 10, 11లలో టార్ అనే ఆదేశం ఉంటుంది. టార్, ఖాళీ, హైఫన్ ఎక్స్ఎఫ్, ఖాళీ, మూట పేరు కొడితే మూట విప్పి లోపలి చీటీని బయట పెడుతుంది. ఆ తర్వాత ఫైండ్‌స్ట్ర్ అనే ఆదేశం. ఎఫ్, ఐ, ఎన్, డి, ఎస్, టి, ఆర్. దాని పక్కన డేటాసోర్స్ అనే మాట, ఆపైన క్యూజీఎస్ ఫైలు పేరు. ఆ చీటీలో రాసి ఉన్న డేటా చిరునామాలన్నీ తెర మీద బారులు తీరుతాయి. వాటిలో ఎస్‌హెచ్‌పీ అనే తోకతో ముగిసేవి ఉంటే అవి షేప్‌ఫైళ్లు, అంటే హద్దుల ఆకారాలను దాచే ఫైళ్లు. షేప్‌ఫైలు పేరుకు ఏకవచనమే కాని వచ్చేది గుంపుగా. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ మూడూ ఒకే పేరుతో పక్కపక్కన ఉండాలి. కొలతలు సరైన చోట కూర్చోవాలంటే పీఆర్‌జే కూడా కావాలి. మొదటిదొక్కటే కాపీ చేసి ఇచ్చేవాళ్లు చాలామంది. మీ పెన్ డ్రైవ్‌లో ఏది తక్కువైందో డిర్ జాబితాతో సరిపోల్చుకోండి.

జిల్లాలు కనిపించిన తర్వాత ఇంకో చిక్కు ఎదురు కావచ్చు. మీ రాజాం ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే కనిపిస్తే ఫైలు తప్పు తెరిచారని అనుకోకండి. ఆ పొర 2022 ఏప్రిల్ 4కు ముందుది. ఆ రోజున రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. వర్షపాతం లెక్కలు జిల్లాల వారీగా ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా సగటు 2022 తర్వాత ఒక్కసారిగా మారినట్టు గ్రాఫులో కనిపిస్తే, మారినది వానా హద్దులా అని పిల్లలను అడగండి. భూగోళశాస్త్రం తరగతికి అంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచడం లేదు.

చివరిది ఆర్‌డీఎస్. ఇది ఆర్ అనే గణాంక భాషలో దాచిన వస్తువు. ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్2 అనే ప్యాకేజీతో చేసిన గ్రాఫును ఇలా దాస్తే మామూలుగా డేటా కూడా దానితో పాటే లోపలికి వెళుతుంది. కాబట్టి నాలుగింటిలో మిమ్మల్ని ఎక్కువ భయపెట్టినదే పక్క ఫైళ్ల మీద ఆధారపడకుండా తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఆర్‌ను ఉచితంగా దించుకోవచ్చు. 4.4.0 లేదా ఆ తర్వాతిది తీసుకోండి, అంతకు ముందువాటిలో ఇలాంటి ఫైలు తెరిచేటప్పుడు లోపల దాచిన ఆదేశాలు నడిచిపోయే లోపం ఉండేది. ఆర్ తెరిచి ఒకసారి జీజీప్లాట్2 ప్యాకేజీని పెట్టించుకోండి. తర్వాత నల్ల తెరలో ఆర్‌స్క్రిప్ట్, ఖాళీ, హైఫన్ ఇ, ఖాళీ కొట్టి, జంట కొటేషన్లు తెరిచి, లైబ్రరీ అని రాసి బ్రాకెట్లలో జీజీప్లాట్2, సెమీకోలన్, ఆ వెనుక ప్రింట్ బ్రాకెట్లో రీడ్‌ఆర్‌డీఎస్, దాని బ్రాకెట్లో ఒంటి కొటేషన్ల మధ్య ఫైలు పేరు రాసి, తెరిచిన బ్రాకెట్లన్నీ మూసి, జంట కొటేషన్లు మూయండి. ఈ ఒక్క ఆదేశంలో పెద్ద అక్షరాలు తప్పవు. ఆర్‌స్క్రిప్ట్ మొదటి ఆర్, రీడ్ తర్వాతి ఆర్‌డీఎస్ మూడు అక్షరాలూ పెద్దవి.

ఎంటర్ నొక్కాక ఏ కిటికీ రాదు. ఇక్కడే చాలామంది విఫలమైందనుకుని లేచిపోతారు. మరోసారి డిర్ కొట్టండి. ఆర్‌ప్లాట్స్ అనే పేరుతో ఇంతకుముందు లేని పీడీఎఫ్ ఒకటి ఫోల్డర్‌లో ఉంటుంది. కిటికీ చూపించడానికి వీలులేని చోట ఆర్ తన బొమ్మను అలా చడీచప్పుడు లేకుండా రాసి పెడుతుంది. స్టార్ట్ అని ఆ పేరు ఇస్తే మీ గ్రాఫు ముందుంటుంది.

పనిలో పని, పీకేఎల్ అనే తోకతో ఎవరైనా గ్రాఫు పంపితే తొందరపడి తెరవకండి. అది పైథాన్ పికిల్ ఫైలు. దాన్ని తెరవడమంటే అందులో రాసి ఉన్న పని మీ కంప్యూటర్‌లో జరగనివ్వడం. మీ విద్యార్థి ఇచ్చినదైతే సరే, వాట్సాప్‌లో ముక్కూమొహం తెలియనివారు పంపినదైతే వద్దు.

తెరుచుకున్నవి సరైన గ్రాఫులేనా అని తరగతికి ముందే చూసుకోండి. ఇందుకు పుస్తకం అక్కరలేదు, మన ప్రాంతానికి తెలిసిన వానలే చాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. రోజువారీ గ్రాఫులో ఆ తేదీల దగ్గర ఉద్దానం వైపు మండలాల గీత పైకి లేవకుండా నిద్రపోతూ ఉంటే, తేదీల వరుస జరిగిపోయిందనో మరో డేటా ఫైలు అతుక్కుందనో అనుమానించండి. సరిగ్గా ఉంటే ఒక్కో గ్రాఫునూ పీడీఎఫ్‌గా దాచుకుని, తరగతి గదికి ఆ పీడీఎఫ్‌లే తీసుకువెళ్లండి. చీటీలు ఇంట్లో ఉండనివ్వండి.

డేటా ఫైలు పెన్ డ్రైవ్‌లో నిజంగానే లేకపోతే, దొరకలేదని నల్ల తెర మీద వచ్చిన వరుసను ఫోనుతో ఫొటో తీసి ఆ అబ్బాయికి పంపండి. "నీ గ్రాఫులు తెరుచుకోవడం లేదు" అని రాస్తే అతను మీకు ఫోను చేసి మాట్లాడే తీరిక కోసం చూస్తాడు. ఆ ఫొటోలో ఫైలు పేరు, అది తన కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్ రెండూ ఉంటాయి కాబట్టి భోజన విరామంలో వెతికి పంపేయగలడు.